నాలుగు వేళ్ల వడ్లు

వడ్లలో చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది.

ఊకలో పెడితే వెచ్చగా ఉంటుంది.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. కానీ ఆ గాదెలో చెయ్యి పెట్టే చనువు ఆమె ఒక్కతికే ఉంది. కాబట్టి ఆమె చేతికే తెలుసు — పైన చలి, కింద వేడి, మధ్యలో పరిచిన తన పాత చీర.

చీర మీద వడ్లు… నాలుగు వేళ్ల మందం.

చీర కింద ఊక… నిలువెత్తు.

ఆమె మొగుణ్ణి ఊరంతా 'నిండుగాదె' అంటారు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. ఉన్నది ఎకరన్నర పొలం చెక్క. ఆ పిలుపు మాత్రం ఆయనకు పదెకరాల పెట్టు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. గాదెకు అడుగు కనిపించింది.

కడుపు మాడితే ఓర్చుకున్నాడు. పేరు మాడితే ఓర్చుకోలేకపోయాడు. జనం పొలాల్లో ఉన్న వేళ చూసి మిల్లు నుంచి ఊక మోసుకొచ్చాడు. పన్నెండు గోనెలు. మొదటి గోనెను ఈల వేసుకుంటూ తెచ్చాడు. వడ్ల మూట మోస్తూ ఈలా అన్నట్టు దారిలో ఎవరో వింతగా చూశారు. రెండో గోనె నుంచి మూలగడం మొదలుపెట్టాడు. పన్నెండోదానికి నడుము పట్టుకుని కూలబడ్డాడు కూడా. ముందే తీసి పెట్టిన మిగులు వడ్లను, ఊక మీద ఆమె పాత చీర పరిచి పైన పోశాడు.

ఇక కథలకు లోటేమిటి?

"మా గాదెలో ఓ ఎలుక పడిందిరోయ్. పైకి రావడానికి ఏడాది పట్టింది. వచ్చేటప్పుడు మనవలతో వచ్చింది!"

అరుగు మీద జనం పగలబడి నవ్వేవారు.

నవ్వేవారు… నమ్మేవారు.

నిండుగాదె పెళ్లాం కూలికి వెళ్తే ఏం బాగుంటుంది? అందుకని ఆమె పుట్టింటికి వెళ్లేది. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. మూడూళ్ల అవతల, ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎవరి చేలోనో కలుపు తీసేది.

"నెలకి రెండుసార్లు పిలుస్తారు. నీ పుట్టింటోళ్లు భలే చూసుకుంటారక్కా!" అనేది పక్క వాటాలో ఉండే తోడికోడలు.

"ఆఁ… వదిలిపెట్టరే."

అని చేతులు కొంగులో దాచుకునేది.

అడిగినవాళ్లకు ఆయన కాదనేవాడు కాదు. "పట్టుకెళ్లండి, ఇదేమన్నా తరిగేదా!" అనేవాడు. ఆమె కొలిచి పోసేది — ఒకరికి కుంచెడు. ఇంకొకరికి రెండు.

తరిగేది.

మొదట్లో మోచెయ్యి లోతు ఉండేవి వడ్లు. తర్వాత మణికట్టు లోతు. ఇప్పుడు… నాలుగు వేళ్లు.

చలి తగ్గుతూ వచ్చింది. వేడి పైకి వస్తూ ఉంది.

ఈ ఏడు మబ్బు ముందే పట్టింది. దుక్కి సిద్ధం. ఎవరింటా విత్తనం లేదు. అప్పుడు వచ్చాడు సర్కారు తరఫున ఊరికే విత్తనాలు పంచే ఆయన, లారీ వేసుకుని. ఇంటింటికీ వెళ్తాడు, గాదె చూస్తాడు. ఖాళీగా ఉంటే మూట. నిండుగా ఉంటే నమస్కారం.

తోడికోడలి గాదెలో బల్లి తప్ప ఏమీ లేదు. రెండు మూటలు దించారు.

తర్వాత ఈ గడప. ఆయన వెనక సగం ఊరు.

"కళ్లారా చూడండి!" అంటూ మూత తీశాడు నిండుగాదె.

పచ్చగా, నున్నగా, కంటికి ఆనినంత మేరా వడ్లు.

ఆమె గోడకు ఆనుకుని లెక్క వేసుకుంటోంది. నాలుగు వేళ్ల వడ్లు చల్లితే పొలంలో ఒక మూల మొలుస్తుంది. ఆ మూల పండితే ఇద్దరికీ రెండు నెలలు. మిగతా పది నెలలు… ఎన్నిసార్లని పుట్టింటికి వెళ్లాలి?

"మీకు విత్తనం ఎందుకండీ?" అన్నాడు విత్తనాల ఆయన.

"మాకెందుకు బాబూ! లేనోళ్లకివ్వండి."

ఆ మాట అంటున్నప్పుడు మొగుడి మెడ మీద నరం కొట్టుకుంది. అది ఆమెకు తప్ప ఎవరికీ కనపడలేదు.

"ఆగండి బాబూ."

అన్నది తనేనా అని ఆమే ఉలిక్కిపడింది.

చెయ్యి దింపింది. చల్లగా… చల్లగా… చీర పర్రున చిరిగింది. వెచ్చగా. మోచెయ్యి దాకా వెచ్చగా. భుజం దాకా వెచ్చగా.

గుప్పెడు తీసి విత్తనాల ఆయన అరచేతిలో పోసింది.

"ఇదీ మా కలిమి. అడుగుదాకా ఇదే."

 గాలి వచ్చి ఆ గుప్పెట్లో సగం ఎగరేసింది. ఒక పొట్టు ఆయన మీసం మీద వాలింది.

ఆయన దాన్ని దులుపుకున్నాడు. నవ్వాడు.

"నలభై ఊళ్లు తిరిగానమ్మా. పైన ఊక పోసి ఏమీ లేదని ఏడ్చేవాళ్లను చూశాను. మధ్యలో ఊక పొర వేసినవాళ్లను ఇదే చూడటం! అడుగున ఎన్నున్నాయి, నిజం చెప్పు?"

అంతే, నవ్వులు మొదలయ్యాయి.

"ఎలుకకే ఏడాది పట్టింది, నీ చెయ్యెక్కడ అందుతుంది వదినా!" అన్నాడు ఎదురింటి వడ్రంగి.

తోడికోడలు నవ్వలేదు. "ఉన్నదానివి నీకెందుకక్కా ఈ ఆశ? మా నోటి దగ్గరది కూడా కావాలా?"

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"చెప్పయ్యా. నువ్వన్నా చెప్పు."

ఆయన నోరు తెరిచాడు. ఎన్నడూ మాటకు తడుముకోని మనిషి తడుముకున్నాడు. జనాన్ని చూశాడు — వాళ్ల కళ్ల నిండా గాదె. అంత నిండుగా అది ఎప్పుడూ నిండలేదు.

"ఆడాళ్లకి ముందుచూపెక్కువ బాబూ," అన్నాడు.

విత్తనాల ఆయన నమస్కారం పెట్టాడు.

లారీ కదిలింది. జనం దాని వెనకే వెళ్లారు.

చిరిగిన చీరలోంచి వడ్లు కిందికి జారుతున్నాయి. సన్నగా… గుసగుసగా… గింజ వెనక గింజ. ఊక మింగేస్తోంది.

ఆమె తట్ట అందుకుంది. ముంచింది. వీధిలోకి తెచ్చి చేట నిండా తీసుకుని గాలికి పట్టింది.

వాన ముందటి గాలి. దిక్కు లేని గాలి. ఊకతో పాటు గింజనూ ఎగరేసుకుపోయే గాలి.

ముంచింది. పట్టింది. ముంచింది. పట్టింది.

వీధి వీధంతా ఊక. గుమ్మాల మీద, పందిళ్ల మీద, తోడికోడలి విత్తనాల మూటల మీద. ఒక్కో తలుపూ మూసుకుంది.

"దుమ్మాపవే తల్లీ! మీ గాదె మాకేం వద్దులే!" అన్నారెవరో లోపలినుంచి.

చూడమనే ఆమె పోస్తోంది. చూసేవాళ్లే లేరు.

మళ్లీ తట్టతో లోపలికి వచ్చేసరికి, మొగుడు గాదెలో దిగి ఉన్నాడు. నడుం దాకా ఊకలో. రెండు చేతులా తోడుతున్నాడు.

హమ్మయ్య, సాయానికి వచ్చాడనుకుంది.

"ఆ బాబు అంత చదువుకున్నవాడు… ఊరికే అంటాడా?" అన్నాడు తలెత్తకుండా. "అడుగున ఉంటాయేమోనే."

వేళాకోళం అనుకుని ముఖంలోకి చూసింది.

వేళాకోళం కాదు.

"నువ్వే కదయ్యా పోసింది!"

"పోశాననుకో… అయినా ఇంకొంచెం తవ్వితే…"

బయట ఉరిమింది. ఆయన వంగాడు. తల కూడా కనపడకుండా వంగాడు. గాదె లోపల గోకుతున్న చప్పుడు… గోకుతున్న చప్పుడు…

ఆమె తట్ట దించింది. గాదె అంచు మీదుగా ఊకలోకి చెయ్యి పెట్టింది — గింజల కోసమో, ఆయన కోసమో.

వెచ్చగా ఉంది.