గేటు ముందు పెద్దవల

మొక్కజొన్న లోడుతో సోములు లారీ ఆ దాణా ఫ్యాక్టరీ గేటు ముందు ఆగి అది ఆరో రోజు. చీపురుపల్లి దాటాక మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సన్నటి దారి అది. అటూ ఇటూ కాలవలు. ఒక లారీ నిలబడితే పక్కనుంచి సైకిలు పోవడమే కష్టం. ముందు సోములు బండి, దాని వెనక జగన్నాధం బండి, ఆ వెనక హరిబాబుది. ముగ్గురూ ఒకే రోజు వచ్చారు, ముగ్గురూ సొంత బండ్లవాళ్లే. ఓనర్లూ వాళ్లే, డ్రైవర్లూ వాళ్లే, టైరు పంక్చరైతే ఏడ్చేదీ వాళ్లే.

లోడు తెచ్చిన బండిని రెండు రోజుల్లో దించుకోవాలి. దించుకోకపోతే మూడో రోజు నుంచి రోజుకి పదిహేను వందలు హాల్టింగ్ ఇవ్వాలి. కిరాయి మాట్లాడుకున్న రోజునే ఒప్పుకున్న మాట ఇది. ఒప్పుకున్నదల్లా చక్కగా ఇచ్చేస్తే ఇక మేనేజర్లతో పనేముంది? ధర తక్కువగా ఉందని ఫ్యాక్టరీవాళ్లు మొక్కజొన్న ఎడాపెడా కొనేశారు. గోడౌన్ నిండిపోయింది. మిగిలిన సరుకుని లారీల మీదే ఉంచేశారు. అద్దె లేని గోడౌన్లు దొరికితే ఎవరికి చేదు?

నిన్న గోడౌన్ ఖాళీ అయింది. అప్పటికి సోములు కంటే ముందు ఇంకో బండి ఉంది, మేనేజర్ భాస్కర్ ఆ బండివాణ్ణి ఒంటరిగా గదిలోకి పిలిచాడు. ఐదు వందలు చేతిలో పెట్టి, హాల్టింగ్ అడగనని సంతకం చేయించుకుని, బండి దించేశాడు. ఆ బండి బయటికి రావడానికి వెనకున్న ముగ్గురూ ఎండలో మెయిన్ రోడ్డుదాకా వెనక్కి నడుపుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. వాడు వీళ్ల మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు. సోములుకి ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే సోములుది సముద్రం ఒడ్డు ఊరు. నలభై మంది రెండు తాళ్లు పట్టుకుని పెద్దవల లాగే ఊరు. అక్కడ మధ్యలో తాడు వదిలేసినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. వల ఒడ్డెక్కేలోగా తాడు మీద చెయ్యి వేసినవాడు దారిన పోయేవాడైనా సరే, వాటా ఇచ్చి పంపుతారు. సోములు సముద్రం వదిలి స్టీరింగు పట్టుకున్నాడు గానీ, ఆ ఊరి బుద్ధి అతన్ని వదల్లేదు.

"మావా, మన ముగ్గురికీ ఇస్తేనే బండి కదుపుదుం. ఒక్కడు తాడు ఒగ్గేసినా వల పోతాది" అన్నాడు అప్పుడే జగన్నాధంతో.

"నువ్వు సెప్పడానికేటి, బాగానే సెప్తావు. నిన్ను పిల్సినప్పుడు సూద్దుం" అన్నాడు జగన్నాధం బీడీ ముట్టించుకుంటూ. ముప్పై ఏళ్లుగా లారీ తోలుతున్న మనిషి. ఎవర్నీ ఊరికే నమ్మడు.

ఇవాళ పొద్దున్నే పిలుపు రానే వచ్చింది. భాస్కర్ కుర్చీ వేసి టీ తెప్పించాడు. "చూడు సోములూ, నీ సంగతి నాకు తెలుసు. సాయంత్రంలోగా నీ బండి వాయిదా కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు లారీ పట్టుకుపోతారట కదా. నీకెంత తక్కువ?"

ఆరువేలు తక్కువ. నాలుగు రోజుల హాల్టింగూ సరిగ్గా ఆరువేలే.

"పూర్తిగా ఇచ్చేస్తాను. నీ ఒక్కడికే. బయట ఎవరికీ చెప్పకు. వాళ్లిద్దరితో నేను మాట్లాడుకుంటాను."

నోట్లు బల్ల మీదే ఉన్నాయి. ఇంటి దగ్గర సోములు భార్య కుమారి పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోను చేసింది. ఈ బండి కోసం ఆమె పుస్తెలతాడు బ్యాంకులో పెట్టింది. బండి పోతే మళ్లీ ఎవడి దగ్గరో జీతానికి తోలాలి. ఇన్నీ మనసులో ఉన్నాయి. అయినా నోరు మాత్రం దాని దారిన అది మాట్లాడింది.

"ముగ్గురికీ ఇచ్చీండి సారూ. అందరం ఒక్కపాలి సంతకం ఎడతాం."

బయటికి వచ్చాక తనంత మూర్ఖుడు ఈ జిల్లాలో లేడనుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ అనుమానం కూడా తీరిపోయింది. ఫైనాన్స్ ఏజెంటు ఇద్దరు మనుషులతో మోటారు సైకిళ్ల మీద దిగాడు. భాస్కరే కబురు పెట్టి ఉంటాడు, గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు.

"సాయంకాలం దాకా టయిముంది బాబూ!" అన్నాడు సోములు.

"సాయంకాలం దాకా ఉండి తీసుకెళ్తాం. ముందు దారి ఖాళీ చేయించండి" అని ఏజెంటు వెనక్కి తిరిగి చూశాడు.

చూస్తే దారి నిండా లారీలే. హరిబాబు బండి వెనక ఇంకొకటి చేరింది. గిరిబాబు అనే కుర్రోడిది, ఆ పొద్దున్నే వచ్చాడు. అతనికి హాల్టింగూ లేదు, గొడవా లేదు. అతను వెనక్కి తీస్తే దారి లేదనే సాకు పోతుంది, హరిబాబూ, జగన్నాధమూ తీయక తప్పదు, అప్పుడు సోములు బండి పోయినట్టే. అంతా ఆ కొత్తవాడి చేతిలో ఉంది.

"నీ బండి వెనక్కి తియ్. అందరికంటే ముందు నీదే దింపుతాను" అని భాస్కర్ అక్కణ్నుంచే కేకేశాడు.

గిరిబాబు క్యాబిన్ ఎక్కాడు. ఇంజను గుర్రుమంది. సోములు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ బండి వెనక్కి పోవడానికి బదులు ముందుకొచ్చి హరిబాబు బండి వెనక బంపరుకి బంపరు ఆనించి ఆగింది! గిరిబాబు దిగి, తాళం చెవి జేబులో వేసుకుని, బండి కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

"ఒరే, సెబాస్రా!" అని జగన్నాధం ఎగిరి గంతేశాడు. ఆ వయసులో ఆ గంతేమిటో చూసి హరిబాబు పడీపడీ నవ్వాడు.

ఇక మొదలైంది అసలు వేడుక. మూడు గంటలకి లోపల మిషను ఆగింది, మొక్కజొన్న లేక. నాలుగింటికి దాణా ఎత్తిన ఫ్యాక్టరీ లారీ హారను కొట్టడం మొదలెట్టింది, బయటికి దారి లేక. విజయనగరం నుంచి యజమాని ఫోను మీద ఫోను. భాస్కర్ నవ్వు ఎటు పోయిందో పోయింది. ఏజెంటు ఎండకి మాడిపోయి, ఆఖరికి అతని మీదే విరుచుకుపడ్డాడు.

"సార్, బండి తీసుకెళ్లి నేనేం చేసుకుంటాను? నాకు కావలసింది వాయిదా. ఆయనకి ఇవ్వాల్సింది మీరు ఇచ్చేస్తే నా పని అయిపోతుంది కదా!"

"ఈ బాబు కూడా తాడు అట్టేసాడ్రా!" అన్నాడు హరిబాబు.

ఐదు దాటాక ముగ్గురికీ ఆరువేల చొప్పున హాల్టింగ్ చేతికొచ్చింది. ముగ్గురూ ఒకేసారి సంతకం పెట్టారు. సోములు అందులోంచి మూడు వందలు తీసి పక్కన పెట్టాడు. మిగతా ఇద్దరూ తీశారు. బండి కిందనుంచి లేచి వచ్చిన గిరిబాబు, ఆ తొమ్మిది వందలూ తన చేతిలో పెడుతుంటే తెల్లబోయాడు.

"నాకేటికి అన్నా? నాను ఇయ్యాలే కదా వచ్చాను."

"సెయ్యేసావు. అయిపోనాది. తీసుకో" అన్నాడు సోములు. తీసుకోకపోతే కొట్టేలా ఉన్నాడు.

తీరా ఏజెంటుకి లెక్క పెడితే మూడు వందలు తక్కువ. ఏజెంటు రూపాయి తగ్గించే రకం కాదు. సోములు పైజేబులో చేయి పెట్టాడు. ముందే తీసుకున్న కిరాయిలో దారి డీజిలుకని దాచుకున్న ఆఖరి డబ్బు. దాన్నీ లెక్కపెట్టి ఇచ్చేశాడు. రసీదు మడిచి నోట కరుచుకుని, లారీ ఎక్కి, గేటులోంచి కాటా మీదికి తోలాడు. ఆరు రోజుల తరవాత బండి గేటు లోపలికి కదులుతుంటే చిన్నపిల్లాడిలా కేక పెట్టాలనిపించింది. పెట్టాడు కూడా.

లోడు దిగుతుండగా కుమారికి ఫోను చేశాడు.

"ఏటైనాది? బండట్టుకుపోనారా?" ఫోను ఎత్తుతూనే అడిగింది ఆమె.

"లేదే. కట్టేసాను. బండి మనదే."

 అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"మరింకేటి, బేగి వచ్చీ. సేపల పులుసెడతాను."

"రాలేనే. డీజిల్ లేదు. డబ్బులూ లేవు. ఇక్కడే ఏదో లోడు సూసుకోవాల."

"నీ బతుకు సల్లగుండ!" అంది కుమారి. అని, ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. ఆ నవ్వు వింటూ సోములు తన స్టీరింగు మీద తల ఆనించుకుని, లోడు దించే కళాసీలు ఎన్నిసార్లు పిలిచినా అలాగే కూర్చుండిపోయాడు.