తోడేలుకు జవాబు

"తోడేలు నోట్లో పడు," అన్నాడు లేయార్కో, మేకప్ గది తలుపులోంచి తొంగిచూసి.

ఇటలీలోని మా పార్మాలో, ఒపేరా పాటల నాటకానికి తెర లేచేముందు పాడేవాళ్ళని అలాగే దీవిస్తాం. "చావనీ" అని, అంటే ఆ తోడేలు చావాలని, జవాబివ్వాలి. ఇవ్వకపోతే కీడు.

ఎర్మెలిందా అద్దంలోంచే మొగుణ్ణి చూసింది. మెడకి పౌడరు అద్దుకుంటూనే ఉంది. వాడు నవ్వుకుంటూ పోయాడు.

"'చావనీ' అని ఒక్కమాట అనవే తల్లీ," అన్నాను.

"గొంతు దాచుకోవాలి పిన్నీ."

దాని మెడ మీద వాడి వేళ్ళ గుర్తులు నల్లగా తేలుతున్నాయి. ఎంత పౌడరు అద్దినా కనబడుతూనే ఉన్నాయి.

మా అక్క కూతురది. పంది తొడలకి ఉప్పు పట్టించి అమ్ముకునే ఇంట్లో పాడుతూ పెరిగింది. కోరస్ వెనక వరుసలో మొదలుపెట్టి పై స్థాయిలో పాడే సోప్రానోగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు మిలాన్‌లోని పెద్ద ఒపేరా నుంచి పిలుపొచ్చింది. స్టేజీ దుస్తులు తొడిగేది నేనే కాబట్టి దెబ్బలన్నీ నాకు తెలుసు. వీపు మీద, తొడల మీద. ఒకసారి పక్కటెముక విరిగింది. మెడ జోలికి మాత్రం వాడు పోయేవాడు కాదు. ఇద్దరికీ కూడు పెట్టేది ఆ గొంతే.

"మిలాన్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నానని మధ్యాహ్నం చెప్పాను," అంది. "సూప్ గిన్నె గోడకేసి కొట్టాడు. తర్వాత ఇది."

"ఇవాళ పాడకు."

"పాడకపోతే వాడు గెలిచినట్టే కదా పిన్నీ?"

ఆ రాత్రి ఒపేరా చివరి అంకంలో అనుమానపు మొగుడు పెళ్ళాం గొంతు నులుముతాడు. ఆ వేషం లేయార్కోదే. వాడు వదిలాక ఆమె నేల మీద పడి, ప్రాణం పోతూ ఆఖరి చరణం పాడాలి.

పక్క తెర వెనక నిలబడి చూస్తున్నాను. వాడు నులిమాడు. వాద్యాలు ఆమె చరణం ఎత్తుకున్నాయి. వాడు వదల్లేదు. దాని మడమలు చెక్క నేలకేసి టపటపా కొట్టుకుంటున్నాయి.

పై గ్యాలరీ వాళ్ళకి ప్రతి చరణమూ నోటికొచ్చు. ఒక్కటి తప్పినా ఊరుకోరు.

"చేతులు తియ్యరా గాడిదా! ఆమె చరణం మింగేస్తున్నావ్!" అని ఒకడు అరిచాడు.

"చరణం కాదురా, ప్రాణం! వాడు నిజంగానే చంపుతున్నాడు!" అని పక్కవాడు కేక పెట్టాడు.

స్టేజీ మీదికి ఉరికి, అక్కడున్న ఇత్తడి దీపపు సెమ్మె ఎత్తి వాడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అప్పటికే ఎర్మెలిందా వాడి రెండో చేతి బొటనవేలు ఎముక దాకా కొరికి పట్టుకుని ఉంది. వాడు ఊళ పెట్టి వెనక్కి పడ్డాడు. వాణ్ణి పనివాళ్ళు ఈడ్చుకుపోయారు.

వాద్యాలు ఆగిపోయాయి. ఎర్మెలిందా మోచేతి మీద లేచి, మళ్ళీ ఎత్తుకోమని వాద్యాలు నడిపే కండక్టరుకి సైగ చేసింది. గడ్డం మీద వాడి నెత్తురు కారుతుండగా పాడింది. పాట కాదది, గుడ్డ చింపుతున్న చప్పుడు. ఒక్క స్వరం పగిలితే వెక్కిరిస్తూ ఈలలేసే గ్యాలరీ కిక్కురుమనలేదు.

తెర దిగాక దాన్ని శాలువా కప్పి తీసుకొస్తుంటే, దారిలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు లేయార్కో.

"లిందా, వేషంలో మునిగిపోయానని చెప్పవే వీళ్ళకి! డాక్టర్ని పిలవమను. నెత్తురు ఆగట్లేదు, చచ్చిపోతాను!"

ఎర్మెలిందా ఆగింది. నోట్లో మిగిలిన వాడి నెత్తురు వాడి కాళ్ళముందే ఉమ్మింది.

"చావనీ," అంది, ఆ బొంగురు గొంతుతోనే.