నీడ చదివిన చదువు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి భూలక్ష్మి పెరట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. ఎదురుగా కొబ్బరాకుల మోపు, చేతిలో చిన్న కత్తి. ఆకు చీరి ఈనె తీయడం, గుప్పెడు పోగయ్యాక చీపురు కట్టడం. రాజోలు దగ్గర ఆ ఊళ్లో సగం మంది ఆడవాళ్ల పని అదే. మొగుడు వీరబాబు మస్కట్‌లో లారీ నడుపుతాడు. మూడేళ్ల కూతురు వర్షిణి పక్కనే చేరి ఈనెలు అందిస్తూ కబుర్లు చెబుతుంది. ఆ బుల్లి చేతులు పక్కన లేకపోతే భూలక్ష్మికి పొద్దుపోదు. అసలు ఒప్పుకోదు గాని, సంగతి అదే.

అంగన్‌వాడీలో పిల్ల పేరు రాయించకపోలేదు. పేరు లేకపోతే గుడ్లూ పాలూ రావు మరి. మొదటి రోజు దిగబెట్టబోతే వర్షిణి గుమ్మం పట్టుకుని ఊరదిరేలా ఏడ్చింది. తల్లి మనసు ఆగలేదు. ఎత్తుకుని వెనక్కి తెచ్చేసింది. సగం దారిలో చూసుకుంటే పిల్లకి నీడ లేదు. అది అక్కడే, చాప మీద, మిగతా పిల్లల మధ్య కూర్చుండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి తనంతట తానే వచ్చి పిల్ల కాళ్లకి అతుక్కుంది. మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ లేచి వెళ్లింది. కాలవగట్టు మీద అది ఒక్కతే పోతుంటే సైకిళ్లవాళ్లు పక్కకి తప్పుకుని దారిచ్చేవారు.

"మీ అమ్మాయి నీడకి ఎంత బుద్ధండీ! ఒక్కరోజు నాగా పెట్టదు" అని ఎదురింటి చిన్నమ్మలు మెచ్చుకునేది. భూలక్ష్మి మురిసిపోయి, ఆ పూట ఇంకో రెండు చీపుళ్లు ఎక్కువ కట్టేది.

అంగన్‌వాడీ టీచరు ఎలీసమ్మ మాత్రం గుడ్లు చేతికిచ్చిన ప్రతిసారీ పోరు పెట్టేది.

"నీడ రంగులన్నీ గుర్తుపడుతోందండీ. పది దాకా వేళ్లు మడిచి లెక్కెడుతోంది. నిన్న కథ చెబుతూ మధ్యలో ఆపేనా, తర్వాతేమైందని నా కొంగు పట్టుకుని లాగిందండీ. అదంతా పిల్లకి అందాలి కదా భూలక్ష్మిగారూ. మనిషిని పంపండి."

"ఆయ్, పంపుతానండీ. అయినా ఇక్కడ ఆటలూ పాటలే కదండీ. అసలు చదువు ఒకటో తరగతిలో కదా మొదలయ్యేది."

"ఆ ఆటల్లోనే ఉందండీ అంతా. ఈ వయసు దాటేక తెచ్చుకుందామంటే మహా కష్టం."

"ఆయ్" అనేది భూలక్ష్మి. మా వైపు ఆయ్ అన్నంత సులువుగా ఆ పని చేసేవాళ్లు తక్కువ. వానని ఒకరోజు, జలుబని ఒకరోజు, చీపుళ్ల షావుకారు వస్తాడని ఒకరోజు. చూస్తూండగా మూడేళ్లు గడిచిపోయాయి.

జూన్‌లో బడి తెరిచారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు వర్షిణిని దగ్గరకి పిలిచి బొమ్మల పుస్తకం చూపించారు. పిల్ల తల్లి వెనక దాక్కుంది. ఏ ఈనె ముదురో వేలితో తాకి చెప్పగలదు గాని, సుద్దముక్క ఎలా పట్టుకోవాలో దానికి తెలీదు. వెనక గోడ మీద నీడ మాత్రం చెయ్యెత్తి, గాలిలో అక్షరాలు వరసగా దిద్దేస్తోంది. మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు.

"నీడని రెండో తరగతిలో కూర్చోబెడతానమ్మా. పిల్ల ఒకటిలోనే ఉండాలి."

"అదేంటండీ! ఇద్దరూ ఒకళ్లేగా?"

"ఒకళ్లేనమ్మా. కానీ మూడేళ్లూ అంగన్‌వాడీకి వెళ్లొచ్చింది ఈ నీడే."

ఆ రోజు నుంచి భూలక్ష్మి సాయంత్రాలు కత్తి ముట్టలేదు. నీడ ఇంటికి రాగానే పిల్లని గోడ దగ్గర కూర్చోబెట్టేది. నీడ అక్షరం దిద్దేది, పిల్ల దాని మీద వేలు పెట్టేది. రెండు అక్షరాలు పట్టుబడేలోగా పొద్దు వాలేది, నీడ కరిగిపోయేది. "ఇంకొంచెం సేపు ఉండవే తల్లీ" అని గోడని బతిమాలుకునేది భూలక్ష్మి. వర్షిణి మొద్దు కాదు. చెప్పింది నేర్చుకునేది, కానీ ప్రతిదానికీ నాలుగింతలు కష్టపడేది. అది ఒక మెట్టు ఎక్కేసరికి నీడ మూడు మెట్ల మీద ఉండేది.

వర్షిణి మూడో తరగతి గట్టెక్కిన ఏడాది నీడ నాలుగు పూర్తిచేసి, గురుకులం పరీక్షలో సీటు తెచ్చుకుంది. ఊరంతా సంతోషించింది. చిన్నమ్మలు పూతరేకులు పంచింది.

వెళ్లే రోజు ముగ్గురూ బస్టాండుకి నడిచారు. పొద్దుటి ఎండలో నీడ నిండుగా, నిబ్బరంగా ఉంది. బస్సు వచ్చేలోగా వర్షిణి తన పాదాన్ని దాని పాదానికి ఆనించి చూసింది. అతకలేదు. నీడ పాదం పెద్దదైపోయింది. అది వంగి పిల్ల తల నిమిరి, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు టికెట్ కొట్టాడు. బస్సు అమలాపురం వైపు తిరిగింది.

"అమ్మా, ఆ సీటు నాకెందుకు రాలేదు?" అడిగింది వర్షిణి.

అదృష్టం అనో, వచ్చే ఏడు చూద్దామనో చెప్పొచ్చు. ఎప్పుడూ అలాంటి మాటలతోనే గడిపింది. ఈసారి భూలక్ష్మి ఉన్నమాట చెప్పేసింది.

"అది నీకు రావలసిందేనమ్మా. నాకు తోడు కావాలని నేనే నిన్ను పక్కన కూర్చోబెట్టేసుకున్నాను."

పిల్ల కోప్పడుతుందనుకుంది. కోప్పడితే బాగుండుననుకుంది. వర్షిణి తల్లి చెయ్యి పట్టుకుంది.

"పోనీలే అమ్మా. నాకు చీపుళ్లు కట్టడం వచ్చు కదా" అంది.

ఆ మాటకి భూలక్ష్మి బస్టాండులోనే, అందరి ముందూ, బావురుమంది.