వేయించిన మొలకలు

మూడు నెలలుగా గీతాంజలికి కంటినిండా నిద్ర లేదు. ప్లేనోలోని ఇంటి నుంచి యూనివర్సిటీకి రోజూ గంటన్నర డ్రైవింగ్, తీరా వెళ్తే అక్కడ ఆ కుండ. తవ్వకాల్లో బయటపడిన మూడు వేల ఏళ్ళనాటి కుండ, అడుగున రాగుల మడ్డి అంటుకుని ఉంది. ఆనాటివాళ్ళు అందులో బీరు పులియబెట్టారా, ఉత్త అంబలి కాచుకున్నారా అన్నది తేల్చాలి.

రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, నీళ్ళలో పులియబెట్టడం ఆమె పని. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ నురగ రాలేదు. దాంతో ప్రొఫెసర్ అది అంబలి కుండేనని రిపోర్టు రాసేశాడు. సోమవారం ఆ రిపోర్టు వెళ్తే కొత్త ప్రాజెక్టులో ఆమెకి చోటు, వీసా పొడిగింపుకి ఉత్తరం, రెండూ ఖాయం.

ఆదివారం పొద్దున్న గీతాంజలి తన స్నేహితురాలు నమ్రత పసిబిడ్డ కోసం ఇంట్లో రాగిమాల్ట్ చేస్తూ, ఆరిన మొలకల్ని మూకుట్లో పోసి దోరగా వేయించింది. కమ్మటి వాసన వచ్చింది. గరిటె ఆగిపోయింది. ల్యాబ్‌లోనూ ఇదే వాసన, మూడుసార్లూ.

అంత వేడి తగిలితే పిండిని తీపిగా మార్చే గుణం మొలకలో చచ్చిపోతుంది. తీపి లేనిదే పులిసేదేముంది? కెమిస్ట్రీలో డాక్టరేటు చేసిన మనిషికి ఇది తెలియక కాదు. చిన్నప్పటి నుంచీ వాళ్ళింట్లో మూకుడెక్కితే గానీ మొలకలు ఎండినట్టు కాదు. చెయ్యి తనంతట తానే వేయించేసింది, నోట్‌బుక్‌లో "ఎండబెట్టాను" అని రాసేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. సిగ్గుతో ఆమెకి ఏడుపొచ్చింది.

"చెప్పకు," అన్నాడు భర్త అవినాష్. "ఆ కుండ వాళ్ళు వచ్చి కంప్లెయింట్ చేస్తారా? లెటర్ చేతికొచ్చాక చూద్దాం."

"నాకూ ఓపిక లేదు అవినాష్. కానీ వాళ్ళకి బీరు చేయడం రాదని రాయించింది నేనే కదా."

ఫోన్ చేసి చెప్పేసింది. ప్రొఫెసర్ తిట్టలేదు. రిపోర్టు ఆపుతానన్నాడు, వేయించకుండా మళ్ళీ చేయమన్నాడు, ఫలితం చూశాకే ఉత్తరమన్నాడు.

గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. కుర్చీలో కూలబడింది.

"ఎన్ని రోజులు పడుతుంది?" అవినాష్ అడిగాడు.

"నానాలి, మొలకెత్తాలి, ఆరాలి, పులవాలి. పన్నెండు."

"ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయడానికి తొమ్మిదే ఉన్నాయి."

"తెలుసు," అని గీతాంజలి కారు తాళాలు తీసుకుంది. గింజలు ఇవాళే నానెయ్యాలి.