రెండు బూరల గ్రామఫోను

వేలంశాల వెనక గదిలో, బల్ల మీద రెండు బూరల గ్రామఫోను ఉంది. ఒక బూర మామూలుదే. రెండోది పెట్టె పక్కనుంచి మొలిచి, మెడ తిప్పి మొదటిదాన్ని చూస్తున్నట్టు వంగి ఉంటుంది. కంపెనీ ఇలాంటిది ఒక్కటే చేసిందని నాన్న ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆయన పేరున్న మెకానిక్. కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆయన పోయాక అన్నయ్య దాన్ని వేలానికి తెచ్చాడు. ఈ శాలలో పాత యంత్రాలను పరీక్షించేదాన్ని కనక, అసలుదో కాదో తేల్చే పని నా మీద పడింది.

"మా ఇంటి వస్తువు. నేను చూడకూడదండీ" అన్నాను, వేలం నడిపే పెద్దాయనతో.

"నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసమ్మా" అని ఆయన కొట్టిపారేశాడు.

అన్నయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ఇంకా చూసేదేముందే? చిన్నప్పట్నించీ కళ్లముందున్నదేగా. అసలుదని ఓ ముక్క అనేస్తే నేనెళ్లి భోంచేస్తా."

"కళ్లముందుంది అన్నయ్యా. ముట్టుకోనిచ్చిందెప్పుడు?"

"నీ చెయ్యి అలాంటిది మరి. నాన్న ఊరికే అనేవాడా?"

ఊరికే అనలేదు. మిగతా యంత్రాలన్నీ విప్పడం, బిగించడం నాకు నేర్పింది ఆయనే. దీని దగ్గరికి వెళితే మాత్రం, "నీ చెయ్యి పడితే చెడుతుంది" అనేవాడు. అన్నయ్య రోజూ దుమ్ము తుడిచేవాడు. పెద్దయ్యాక కూడా గాజు వస్తువు ఏదైనా ఎత్తబోతే ఆ మాటే గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని.

మూత తీశాను. రెండో బూరను పట్టి ఉంచిన ఇత్తడి రేకు కనిపించింది. దాని చుట్టూ స్క్రూలు. వాటి తలల మీద స్క్రూడ్రైవరు పెట్టే గాళ్లన్నీ ఒకే దిక్కుకు తిరిగి, బడిలో పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

కంపెనీలో అలా చెయ్యరు. స్క్రూ బిగిసినచోట వదిలేసి తరవాతి పెట్టె అందుకుంటారు. ఎవరూ చూడని చోట కూడా గాళ్లు సరిచేసే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. "లోపలైనా సరే, పని ముఖం కడుక్కుని ఉండాలి" అనేవాడు నాన్న.

ఆయన భయపడింది నా చేతికి కాదు, నా కంటికి. అన్నయ్యకు చూడడం రాదు కనకే తుడవనిచ్చాడు.

"రెండో బూర తరవాత పెట్టింది. ఇది అసలుది కాదు" అన్నాను.

బాధేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పంటి కింద రాయిని ఉమ్మేసినంత హాయిగా ఉంది. చెప్పింది నిజమే. కానీ నిజానికీ కక్షకీ ఒకే మాట సరిపోవడం చూసి, నా మీద నాకే అసహ్యం వేసింది.

"పోయినాయన లేచొచ్చి అడగడనేగా నీ ధైర్యం" అన్నాడు అన్నయ్య. "నాన్న అబద్ధాలకోరా?"

"నేను నాన్న పేరే ఎత్తలేదు."

పెద్దాయన భూతద్దం పట్టుకుని పెట్టెలోకి వంగాడు. చాలాసేపు లేవలేదు. "అసలుది కాకపోతే పోయింది. ఎంత పనితనమో చూడు. ఇలాంటివి కావాలనే వాళ్లూ ఉన్నారు. చేసినవాడి పేరు దొరికితే దీనికి కట్టే చీటీ మీద రాద్దాం. ఎవరై ఉంటారు?"

బతికినన్నాళ్లూ నాన్న ఇతరుల యంత్రాలే బాగుచేశాడు. సొంతంగా చేసింది ఇదొక్కటే. ఒక మెకానిక్ పేరు చెబితే ఎవరూ తల తిప్పి చూడరనుకున్నాడేమో, దాన్ని కూడా కంపెనీకే కట్టబెట్టాడు.

అన్నయ్య ముఖం చూశాను. వాడికీ అర్థమైంది. మా నాన్నేనండీ అంటే చాలు. అనాలంటే, నాన్న అబద్ధమాడాడని ఒప్పుకుని, ఇందాకటి రోషం దిగమింగాలి.

"మాకెలా తెలుస్తుంది? మా ఇంటికొచ్చేటప్పటికే ఇలా ఉంది" అన్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. ఆ పనివాణ్ణి ఎవరైనా గుర్తుపట్టాలంటే, ఈ లోకంలో ఇక నేనే మిగిలాను. నీ చెయ్యి పడితే చెడుతుంది అన్న మాట మళ్లీ చెవిలో పడింది.

"తెలియదండీ" అన్నాను.

ఆయన చీటీలో పేరు రాసే చోట అడ్డగీత గీశాడు.