మలావీ మీద అరచెయ్యి

నేను ఒక టచ్ స్క్రీన్‌ని. తలుపంత వెడల్పు, మనిషంత ఎత్తు. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఒక విశ్వవిద్యాలయంలో, విదేశీ విద్యార్థుల కేంద్రం హాల్లో గోడకు వేలాడుతూ బతికాను. వేలు పెడితే పలకడానికే పుట్టినదాన్ని. అలాంటి నా పక్కన 'దయచేసి తాకరాదు' అని బోర్డు పెట్టారు. మనుషుల తెలివితేటల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

నా గాజు ఏ ఊరి కొలిమిలో కరిగిందో నాకు తెలియదు. ప్రాణం పోసింది మాత్రం హిమబిందు. డిజైన్ విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసేది. కేంద్రం సూపరింటెండెంటు జోగారావు గారు ఆమెను పిలిచి, "దేశాలెన్నున్నాయో పెద్దంకెల్లో పడాలమ్మా. జెండాలు, మీద వీసీ గారి ఫొటో. సాలు," అన్నారు. ఆమె తలూపింది. ఊపినంత మాత్రాన వినే రకం కాదు.

నా మీద ప్రపంచపటం గీసింది. ఒక్కో విద్యార్థికి ఒక్కో దీపపు చుక్క పెట్టింది. చుక్కను తాకితే ఆ మనిషి ముఖం పైకి తేలి, సొంత భాషలో ఒక మాట చెప్పాలి. 'ఈ యూనివర్సిటీ చాలా బాగుంది' అని చెప్పించమన్నారు జోగారావు గారు. హిమబిందు మాత్రం పిల్లలను కూర్చోబెట్టి, ఇంటికి ఫోన్ చేస్తే మొట్టమొదట ఏమంటారో అదే చెప్పమంది.

ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చినవాడు ఒక్కడే, చిసోమో. పొడుగ్గా ఉండేవాడు, నవ్వితే చిగుళ్లు కనిపించేవి. తన దేశం మీద వేలు పెట్టి చూసుకుంటే పక్కనున్న టాంజానియా పలికింది. "మా దేశం నా వేలికన్నా సన్నం, అక్కా," అన్నాడు. ఆమె రోజంతా కూర్చుని ఆ చుక్కను అరచేయంత చేసింది. అప్పుడతను ఇంటి మాట చెప్పాడు: "అమాయీ, న్దాద్యా." అమ్మా, తిన్నాను అని.

"మా అమ్మ కూడా అంతే. హలో అనదు, తిన్నావా అంటుంది," అంది హిమబిందు.

ప్రారంభం రోజు నాకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఒక బొట్టు తడిగా మలావీ మీద పడింది. నేను ఊరుకుంటానా, పలికాను. కొబ్బరికాయ పట్టుకున్న జోగారావు గారు ఉలిక్కిపడ్డారు. "ఏటంతన్నాడమ్మా?"

"తిన్నానంటున్నాడు సార్."

"ఇంకా పెసాదమే పెట్టనేదు గదమ్మా."

హాలంతా నవ్వింది. మర్నాడే ఆ 'తాకరాదు' బోర్డు వచ్చింది. పిల్లలు దాన్ని లెక్కచేయలేదు. మెస్‌లో తిని నా ముందునుంచి పోతూ ఎవరో ఒకరు మలావీని నొక్కేవారు. కొన్నాళ్లకు నొక్కడం మానేసి వాళ్లే అనడం మొదలుపెట్టారు. నేపాలీ, సూడానీ, మంగోలియా పిల్ల, అందరిదీ అదే మాట. చేతులు కడుక్కుని బయటికొస్తూ "న్దాద్యా" అనకపోతే ఆ పూట తిన్నట్టే కాదు. చిసోమో మురిసిపోయేవాడు.

చివరి సంవత్సరం, ఒక ఆదివారం అతను స్నేహితులతో బీచ్‌కి వెళ్లాడు. మలావీకి సముద్రం లేదు, పెద్ద సరస్సు ఉంది. దానికీ అవతలి ఒడ్డు కనిపించదట. అందులో ఈదుతూ పెరిగినవాడు, నీళ్లంటే భయం లేదు. సరస్సు మనిషిని మోస్తుంది, మా సముద్రం అడుగునుంచి లాగుతుంది. ఒడ్డున పల్లీలమ్మేవాళ్లకు కూడా తెలిసిన ఈ సంగతి అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఈత రానివాడైతే మోకాలి లోతులోనే ఆగి ఉండేవాడు. నాకు ఇప్పటికీ అదే బాధ.

అతని శవపెట్టెను విమానం దాకా సాగనంపింది జోగారావు గారే. ఆయన రాయి కాదు. కానీ తనిఖీ కమిటీ రాబోతోంది. హిమబిందును పిలిచి మెల్లగా అన్నారు. "దీపం ఉండనీమ్మా, తీసేస్తే దేశాల లెక్క తగ్గిపోద్ది. మొహం, మాటా మాత్రం తీసీ. సచ్చిపోయినోడు గోడమీంచి మాటాడతంటే సూళ్లేమమ్మా."

ఆమె చేయి తుడిచేసే మీటదాకా వెళ్లి ఆగిపోయింది. తుడవలేదు. అతని ముఖాన్నీ గొంతునూ నా లోపల ఒక మూలకు జరిపి, దారి మూసేసింది. కాంట్రాక్టు అయిపోయాక ఆ దారి ఎవరికీ చెప్పకుండానే వెళ్లిపోయింది. మలావీ వెలుగుతూనే ఉంది. తాకితే 'ఒకరు' అని లెక్క మాత్రం పడేది.

మరుసటి ఏడు స్నాతకోత్సవంలో చిసోమో డిగ్రీ ఇవ్వడానికి వాళ్ల అమ్మను పిలిపించారు. నడుముకు పువ్వుల గుడ్డ చుట్టుకున్న మనిషి, కొడుకంత పొడుగు. డిగ్రీ కాగితం గుండెకు ఆనించుకుని నా ముందుకొచ్చింది. "మీ దేశం ఇదేనమ్మా," అని జోగారావు గారు ఇంగ్లీషులో చూపించారు. కొడుకు ఫోన్లో చెప్పే ఉంటాడు, 'తాకితే నేను మాట్లాడతానమ్మా' అని. ఆవిడ వేలు పెట్టింది. 'ఒకరు'. మళ్లీ పెట్టింది. 'ఒకరు'. చివరికి అరచెయ్యి మొత్తం ఆనించి నిలబడింది. ఆ చెయ్యి వెచ్చదనం నా గాజుకు తెలుస్తోంది. గాజు వెనకే వాడున్నాడు. నేను అరవలేను. యంత్రంగా పుట్టినందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే.

అప్పుడు మెస్ తలుపు తెరుచుకుంది. ఆ ఏడే చేరిన నేపాలీ అమ్మాయి చేతులు దులుపుకుంటూ, వెనకొచ్చే స్నేహితురాలితో, "న్దాద్యా," అంది.

ఆవిడ చెయ్యి నా మీదనుంచి జారిపోయింది. వెళ్లి ఆ పిల్ల గడ్డం పట్టుకుని తన భాషలో ఏదో గబగబా అడిగింది. పిల్ల బెదిరిపోయింది. "నాకు ఆ ఒక్క మాటే వచ్చు ఆంటీ. తిన్నాక ఇక్కడందరం అంటాం. ఎవరు మొదలుపెట్టారో తెలీదు."

"ఇంకొక్కసారి అను తల్లీ."

ఆ అమ్మాయి అంది. ఆవిడ కళ్లు మూసుకుని, ఫోన్లో చెప్పినట్టే జవాబిచ్చింది. "చబ్వీనో." మంచిది, అని. జోగారావు గారు గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు.

ఇప్పుడు ఆ హాల్లో నాకన్నా పెద్ద తెర ఉందట. నేను విరిగిన కుర్చీలతో స్టోర్ గదిలో ఉన్నాను. రేపో మాపో పాత సామాను వాళ్లొచ్చి గాజు వేరు, తీగలు వేరు చేస్తారు. చేసుకోనీ. నా లోపలి మూల ఒకడు ఇంకా అమ్మా తిన్నాను అంటూనే ఉన్నాడు. వాళ్లమ్మ మంచిదని ఎప్పుడో చెప్పేసింది. ఆ సంగతి వాడికి చేర్చే దారే నాకు తెలియలేదు.