విత్తనానికి వదిలిన కాయ

తెల్లవారీ తెల్లవారకముందే అతను సొరకాయకు చెవి ఆనించి, రెండు చేతులతో మెల్లగా ఊపాడు. చప్పుడు లేదు. మళ్లీ ఊపాడు. గింజలు ఇంకా గుజ్జును అంటిపెట్టుకునే ఉన్నాయి. కాయ ఎండుగడ్డి రంగుకు తిరిగింది, గోటితో కొడితే టకటకమంటోంది, తీగ వడిలి తాడులా మిగిలింది. అయినా నోరు మాత్రం విప్పదు. అచ్చం ఇంట్లో మనిషిలాగే.

ఇంట్లో మనిషి అతనితో మాట్లాడి ఏడాదయింది.

అతను ఏడంతస్తుల మేడలో లిఫ్టు నడిపేవాడు. పాతకాలపు లిఫ్టు. జాలీ తలుపు చేత్తో లాగాలి, ఇత్తడి పిడి తిప్పి పట్టుకోవాలి, మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చోవాలి. ముప్పై ఒక్కేళ్లలో అతను ఎక్కిన ఎత్తంతా కలిపితే చందమామ మీదికి రెండుసార్లు వెళ్లి, కాసేపు కునుకు తీసి రావచ్చని కాపలాదారు అనేవాడు. ఎక్కిందంతా దిగాడు గనుక ఎక్కడికీ చేరలేదు. మనిషి బక్కపలచన. పిడి తిప్పీ తిప్పీ కుడిభుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి దిగింది. ఎవరు ఏ అంతస్తంటే ఆ అంతస్తుకు పోవడం అలవాటైన ప్రాణం. ఎవరేం అడిగినా "సరేనమ్మా", "సరే బాబూ" తప్ప మరో మాట వచ్చేది కాదు.

కాపురం మేడ మీద, లిఫ్టు యంత్రం పక్కగదిలో. భార్య మెట్లు ఊడ్చేది, మిగిలిన పొద్దంతా మొక్కల్లో ఉండేది. రంగులవాళ్లు వదిలేసిన డబ్బాల్లో, మూడో అంతస్తువాళ్లు పారేసిన పగుళ్ల తొట్టిలో ఆమె చెయ్యి పడితే చాలు, అన్నీ కాసేవి. పుట్టింటి గుర్తుగా ఆమె దగ్గరున్నది ఒక్క సొరవిత్తనమే. ఏడంతస్తుల పైకి తేనెటీగలు రావు. ఒకే ఒక్కటి వచ్చిందట, అదీ లిఫ్టులోనే. అందుకని సాయంత్రం తెల్లపూలు విచ్చుకోగానే మగపువ్వు తుంచి, పిందె ఉన్న ఆడపువ్వుకు తానే అద్దేది. కాసినవాటిలో మంచి కాయకు ఎర్రగుడ్డ పీలిక కట్టి విత్తనానికి వదిలేది. పిల్లలు లేని ఇల్లు; పీలిక కట్టిన పూట ఆమె కొత్తచీర కట్టుకునేది.

నిరుటి ఎండాకాలం, ఐదో అంతస్తులో ఉండే మేడ కార్యదర్శి భార్య, పైనుంచి ఒక కాయ తెచ్చిపెట్టమంది. అప్పటికి తీగ మీద మిగిలింది పీలిక కాయ ఒక్కటే. "సరేనమ్మా" అన్నాడు. పీలిక విప్పి జేబులో పెట్టుకుని, కాయ కోసి ఇచ్చొచ్చాడు. ముదిరి చెక్కయిపోయిన కాయ కత్తికి తెగలేదు. అమ్మగారు దాన్ని చెత్తబండిలో వేయించింది.

అతని భార్య అరవలేదు. "ఇంట్లో మళ్లీ గింజలు గలగలమన్నాకే నాతో మాట్లాడు" అంది. అదే ఆఖరు మాట.

పాత డబ్బా అడుగున మూడు గింజలు దొరికాయి. రెండు కుళ్లాయి. మూడోది మొలిచి, తీగై, ఒక్క కాయ నిలిపింది.

మాటల్లేకపోయినా సంసారమన్నాక కబుర్లు అందాలి కదా. వానాకాలమంతా బెండమొక్క మధ్యవర్తి. "బెండా, అన్నం మూత కింద ఉందని చెప్పు ఆయనకి." అతనూ బెండకే జవాబు చెప్పుకునేవాడు. చలికాలం ఆ కొలువు టమాటాకు వచ్చింది, ఎండలు ముదిరాక గోరుచిక్కుడుకు. ఏ మొక్కా ఒక్క మాట కల్పించి చెప్పలేదు. అదే చుట్టాలైతే ఈపాటికి ఇద్దరినీ కోర్టు మెట్లెక్కించేవాళ్లు.

ఆ పొద్దున కాయను వదిలి, ఎడమచెయ్యి నొక్కుకుంటూ అన్నాడు.

"గోరుచిక్కుడూ, చెయ్యి ఒకటే గుంజుతోంది. కాస్త నూనె ఉందేమో అడుగు."

"గూట్లో ఉందని చెప్పు. ఇవాళ్టికి పని మానుకోమనీ చెప్పు" అంది ఆమె, డబ్బాలో మట్టి గుల్లచేస్తూ.

నూనె రాసుకున్నాడు. పని మానుకోలేదు.

పది దాటాక అమ్మగారు లిఫ్టెక్కింది. పైన కాయొకటి ఎండుతోందటగా, రంగేయించి హాల్లో పెట్టుకుంటే అందంగా ఉంటుంది, సాయంత్రం పట్టుకురమ్మంది. "సరే" అతని నాలిక చివరిదాకా వచ్చింది. పిడి మీద చెయ్యి సడలింది. ఐదుకూ నాలుగుకూ నడుమ లిఫ్టు ఆగిపోయింది.

"ఇవ్వనమ్మా. అది విత్తనానికి వదిలింది."

అమ్మగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, మేడ మీద జాగా నీ తాత సొమ్మా అంది. ఆ డబ్బాలన్నీ రేపే తీయించి పారేయిస్తానంది.

"సరేనమ్మా" అన్నాడతను, పిడి తిప్పి ఆమెను కిందికి దించాడు.

జాలీ తలుపు వెనక మాట దాగదు. నాలుగో అంతస్తు మెట్ల మీద చీపురు చప్పుడు ఆగిపోయింది.

ఆమె చీపురు అక్కడే వదిలేసి పైకెక్కింది. కాయ కోసి, ఎండకు కాగిన తొట్టి అంచున ఆనించి, ఎదురుగా కూర్చుంది. మిట్టమధ్యాహ్నం దాటాక ఊపింది. రెండే రెండు గింజలు కదిలాయి. చాలు.

లిఫ్టు గంట నొక్కింది. రాలేదు. ఇంకోసారి నొక్కింది. కింది అంతస్తులవాళ్లూ నొక్కుతున్నారు, నిద్రపోతున్నాడు మహానుభావుడు అని తిడుతున్నారు. కాయను చంకనెత్తుకుని ఏడంతస్తులూ దిగింది.

అతను ముక్కాలిపీట మీద, గోడకు తల ఆనించి ఉన్నాడు. ఒక చెయ్యి జేబులో ఉంది.

"ఇదిగో, విను" అంది, చెవి దగ్గర కాయ ఊపి. "నీకేనయ్యా చెప్పేది. గలగలమంటోంది."

భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగాడు. జేబులోంచి చెయ్యి జారింది, వేళ్ల మధ్య ఎర్రగుడ్డ పీలిక.

మర్నాడు అన్న మాట ప్రకారమే డబ్బాలన్నీ దింపేశారు. మట్టి, గోరుచిక్కుడు, పగుళ్ల తొట్టి, అన్నీ ఒకే బండిలో పోయాయి. గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. ఆమె బట్టల మూటతో మెట్ల మీదుగానే దిగింది, లిఫ్టు వైపు చూడలేదు. అతన్ని మోసుకుపోయాక ఆమె ముక్కాలిపీట మీద పెట్టిన కాయ అలాగే ఉంది, అమ్మగారు కూడా ముట్టుకోలేదు. కాపలాదారు జాలీ తలుపు లాగి పిడి తిప్పాడు. లిఫ్టు కదిలిన కుదుపుకు కాయ లోపల గింజలు గలగలమన్నాయి.